ఊరు నిలిపిన బట్టీ

సారాబట్టీని గురించి కుటుంబ పత్రికలో వ్యాసమేమిటని కొందరు పాఠకులకు సందేహం కలుగవచ్చును. తాగుడును పొగడడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఐర్లండు దేశంలో ఒక చిన్న ఊరివారు, మూతపడి పందుల దొడ్డిగా మారిన తమ పాత కర్మాగారాన్ని తామే పూనుకొని బాగుచేసుకొన్నారు. దేశదేశాలవారు వచ్చి చూసే చోటుగా దానిని మార్చుకొన్నారు. ఆ సంగతి చెప్పడమే ఇక్కడి ఉద్దేశం. పాత కర్మాగారాలు, పాత రేవులు, పాత మగ్గాలు గల మన గంజాం జిల్లావారికి ఈ కథలో ఆలోచించుకొనదగినది చాల ఉన్నది.

ముందుగా మన ఆస్కా

బరంపురానికి వాయవ్యంగా సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, ఋషికుల్యలో బడనది వచ్చి కలిసేచోట ఆస్కా ఉన్నది. పూర్వపు మద్రాసు రాజధానిలో ఆస్కా పేరు చెబితే రెండు వస్తువులు జ్ఞాపకం వచ్చేవి. ఒకటి పంచదార, రెండవది రమ్ము అనే సారా. 19వ శతాబ్దంలో ఎఫ్. జె. వి. మించిన్ దొర నడిపిన కర్మాగారంలో ఈ రెండూ తయారయ్యేవి. జిల్లాను గురించి ఆనాటి దొరలు రాసిన గ్రంథాలలో ఆస్కా ఫ్యాక్టరీకి ప్రత్యేకమైన స్థానం ఉన్నది.

ఆ కర్మాగారానికి ఒక విశేషం కూడా ఉన్నది. చెరకును గానుగలో నలిపి రసం పిండడం మనకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. ఐరోపాలో బీటుదుంపల నుంచి పంచదార తీసేవారు మరొక ఉపాయం కనిపెట్టారు. దుంపలను పలుచని ముక్కలుగా తరిగి వేడినీటిలో ఊరవేస్తే తీపి అంతా నీటిలోకి దిగుతుంది. మన ఇండ్లలో చింతపండు నానవేసి పులుసు తీయడం వంటిదే ఇది. 1860ల దశకంలో జూలియస్ రాబర్ట్ అనే ఆయన స్థిరపరచిన ఈ పద్ధతిని డిఫ్యూజన్ అంటారు. దీనిని దుంపలకు బదులు చెరకు మీద ప్రయోగించి చూసిన తొలి చోట్లలో మన ఆస్కా ఒకటి. ఋషికుల్య ఒడ్డు చెరకు ప్రపంచ పంచదార పరిశ్రమ చరిత్రలోకి ఎక్కినదంటే మనవారిలో ఎంతమందికి తెలుసును?

పంచదార తీయగా మిగిలిన నల్లని మడ్డిని పులియబెట్టి వడిస్తే రమ్ము అవుతుంది. కాబట్టి పంచదార ఫ్యాక్టరీ పక్కన సారాబట్టీ ఉండడం వింతకాదు. మన ప్రాంతంలో అంతకు ముందు మాత్రం తాగేవారు లేరా? కొండలలో ఇప్పపూల సారా, జీలుగు కల్లు, మైదానంలో తాటికల్లు, ఈతకల్లు ఎప్పటినుంచో ఉన్నవి. దొరల ప్రభుత్వం చేసిన పని ఏమిటంటే, ఇండ్లలో, తోపులలో కాచుకొనే సారాను నేరంగా చేసి, పెద్ద బట్టీలలో కాచిన దాని మీద సుంకం వసూలు చేయడం. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాటును గట్టిపరచింది. ఆబ్కారీ అనే పారశీక పదానికి ‘నీటి పని’ అని అర్థం. ఆ నీటి పని వల్ల ఖజానాకు వచ్చిన ఆదాయం తక్కువది కాదు. దానిని చెల్లించిన కుటుంబాల దుఃఖమూ తక్కువది కాదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో చేరింది. మించిన్ల కాలం గడిచిపోయింది. 1960ల దశకంలో ఆస్కాలో చెరకు రైతుల సహకార సంఘం పేరిట కొత్త పంచదార కర్మాగారం వెలసింది. దొరల కంపెనీ పేరు పాత గ్రంథాలలో మిగిలింది.

ఆస్కా వంటి ఊళ్లు లోకంలో చాల ఉన్నవి. కర్మాగారం నడిచినంత కాలం బండ్ల రాకపోకలు, కూలీల సందడి, వారం వారం జీతాలు, దాని మీద ఆధారపడిన అంగళ్లు ఉంటాయి. మూతపడిన తరువాత గోడలు మిగులుతాయి. ఆ గోడలను ఏమి చేయవలె? ఈ ప్రశ్నకు కిల్‌బెగ్గన్ అనే ఐరిష్ ఊరు చెప్పిన జవాబు వినదగినది.

జీవజలం

ఐర్లండు మధ్యభాగంలో, వెస్ట్‌మీత్ జిల్లాలో, డబ్లిన్ నగరానికి పడమరగా సుమారు 60 మైళ్ల దూరంలో కిల్‌బెగ్గన్ ఉన్నది. బ్రోస్నా అనే చిన్న నది ఊరిని ఆనుకొని పారుతుంది. చుట్టూ బార్లీ పండే పొలాలు, పొయ్యిలోకి పనికివచ్చే పీటుమట్టి బయళ్లు. నీరు, ధాన్యం, వంటచెరకు మూడూ దొరికేచోట బట్టీ వెలియడం సహజమే. 1757లో మెక్‌మానస్ వంశస్థుడు ఇక్కడ బట్టీ పెట్టాడు.

విస్కీ అనే మాట ఐరిష్ భాషలోని ‘ఇష్క బాహ’ అనే రెండు మాటల నుంచి వచ్చింది. దానికి అర్థం జీవజలం. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఐర్లండువారు ఈ మాటలో స్కాట్లండువారికంటే ఒక అక్షరం ఎక్కువ వేస్తారు. తమ సరుకు వేరని చాటుకోవడానికి అదొక గుర్తు. పాతదనం విషయంలోనూ వారిలో వారికి పోటీ ఉన్నది. ఉత్తరాన బుష్‌మిల్స్ అనే ఊరి బట్టీవారు తమ సీసాల మీద 1608 అని వేసుకొంటారు. అది ఆ ప్రాంతంలో సారా కాచడానికి రాజు సర్ థామస్ ఫిలిప్స్ అనే ఆయనకు అనుమతి ఇచ్చిన సంవత్సరం. బుష్‌మిల్స్ కంపెనీ ఏర్పడినది మాత్రం 1784లో. మన ఊళ్లలో గుడుల స్థలపురాణాలను గురించి జరిగే వాదాలవంటివే ఇవీ!

కిల్‌బెగ్గన్ బట్టీ స్వాతంత్ర్య చరిత్రతో కూడా ముడిపడి ఉన్నది. 1798లో ఐరిష్‌వారు ఆంగ్ల ప్రభుత్వం మీద తిరుగుబాటు చేసినప్పుడు, బట్టీ స్థాపకుని కుమారుడు జాన్ మెక్‌మానస్ అందులో పాల్గొని మరణశిక్ష పొందాడు. తరువాత బట్టీ చేతులు మారి, 1843లో జాన్ లాక్ అనే ఆయన వశమైంది. నూరేళ్లకు పైగా లాక్ వంశీయులే దానిని నడిపారు. ఆ పేరే ఊరికి మారుపేరయింది.

రాగి కాగులో జరిగే పని

విస్కీ తయారీలో మొదటి మెట్టు మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు. చంటిపిల్లల కోసం చోళ్లను నానబెట్టి, మూటగట్టి, మొలకలు వచ్చిన తరువాత ఎండబెట్టి, వేయించి పిండి కొట్టించడం మన ఇండ్లలో ఉన్నదే. బార్లీకి చేసేదీ అదే. గింజ మొలకెత్తేటప్పుడు దానిలోని పిండి తీపిగా మారడానికి సిద్ధమవుతుంది. మొలకలను సరియైన సమయంలో ఎండబెట్టి ఆపి, మరలో విసరి, పెద్ద కొయ్యతొట్టిలో వేడినీటితో కలిపితే తియ్యని నీరు దిగుతుంది. దానిలో ఈస్టు కలిపి రెండు మూడు రోజులు ఉంచితే పులిసి నురగలు కక్కుతుంది. తీపి పోయి మత్తు పుడుతుంది.

ఈ పులిసిన నీటిని రాగి పాత్రలో కాచుతారు. స్నానపు నీళ్లు కాచుకొనే మన రాగి కాగును ఇల్లంత పెద్దదిగా ఊహించుకొని, దాని నోటికి హంస మెడవంటి గొట్టం బిగించినట్లు భావిస్తే ఆ పాత్ర రూపం తెలుస్తుంది. నీరు మరిగేది 100 డిగ్రీల వద్ద. సారా ఆవిరయ్యేది 78 డిగ్రీల వద్ద. కనుక మంట అదుపులో ఉంచితే సారా ముందుగా ఆవిరై గొట్టంలోకి పోయి, చల్లని నీటిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం గుండా వస్తూ మళ్లీ ద్రవమవుతుంది. మన కొండలలో కుండ మీద కుండ బోర్లించి ఇప్పసారా దించేవారు చేసేదీ సూత్రంలో ఇదే. ఐర్లండులో దీనిని సాధారణంగా మూడుసార్లు వడిస్తారు. స్కాట్లండులో ఎక్కువచోట్ల రెండుసార్లే. వడిసిన దానిని కొయ్య పీపాలలో పోసి కనీసం మూడేళ్లు నిలవ ఉంచనిదే దానిని విస్కీ అనడానికి ఐరిష్ చట్టం ఒప్పుకోదు. నిలవలో ఏటా కొంత భాగం ఆవిరైపోతుంది. దానిని దేవదూతల వాటా అని అక్కడివారు చమత్కరిస్తారు.

సుంకాలు రుచిని కూడా మార్చగలవనడానికి ఇక్కడొక నిదర్శనం ఉన్నది. 1785లో ప్రభుత్వం మొలకెత్తిన బార్లీ మీద పన్ను వేసింది. బట్టీలవారు పన్ను తప్పించుకొనడానికి మొలకెత్తని బార్లీని కూడా కలపసాగారు. ఆ కలగలుపు వల్ల వచ్చిన ఘాటైన రుచే తరువాత ఐరిష్ విస్కీ ప్రత్యేకత అయి కూర్చున్నది.

1866లో ఊరు ఇచ్చిన కానుక

1866వ సంవత్సరం మన ప్రాంతపు పెద్దలు మరచిపోలేని సంవత్సరం. ఒరిస్సాలో ‘నఅంక’ అని పేరుపడిన మహాక్షామం పట్టినది అప్పుడే. అది గంజాం జిల్లాను కూడా వదలలేదు. అదే సంవత్సరం కిల్‌బెగ్గన్‌లో మరొక విధమైన ఆపద వచ్చింది. బట్టీకి ప్రాణమైన ఆవిరి బాయిలరు చెడిపోయింది. పని నిలిచిపోయింది. జాన్ లాక్ వద్ద కొత్తది కొనే డబ్బు లేదు. అప్పు పుట్టలేదు.

అప్పుడు ఊరివారందరూ చందాలు వేసుకొని కొత్త బాయిలరు కొని, యజమానికి కానుకగా ఇచ్చారు. ఆయన తమపట్ల చూపిన మంచితనానికి కృతజ్ఞత తెలుపుతూ ఒక బహిరంగ లేఖను పత్రికలలో ప్రచురించారు. కూలీలు, రైతులు, అంగళ్లవారు కలిసి యజమానికి యంత్రం కొనిపెట్టడం ఎక్కడైనా విన్నామా? ఇందులో వారి స్వార్థం లేకపోలేదు. బట్టీ నిలిస్తేనే బార్లీకి బేరం, బండ్లకు బాడుగ. కాని యజమాని మీద గౌరవం లేనిచోట ఇటువంటి చందా పుట్టదు. లాక్ వంశీయులు పనివారికి చలికాలానికి ముందే బొగ్గు తెప్పించి ఇచ్చి, దాని ఖరీదును కొంచెం కొంచెంగా జీతంలో పట్టుకొనేవారట. ఇండ్ల విషయంలోనూ సాయపడేవారట. చిన్న సాయాలే. వాటి ఫలితం ఆపదలో తేలింది.

1878లో మళ్లీ ఆపద వచ్చింది. ఈసారి అగ్నిప్రమాదం. సారా నిలవలున్న చోట నిప్పు పడితే ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఊరివారు గిడ్డంగుల తలుపులు పగులగొట్టి, పీపాలను వీధిలోకి దొర్లించి కాపాడారు. బట్టీ ముందుభాగం చాలవరకు కాలిపోయినా, నిలవ సరుకు దక్కింది. రెండుసార్లు ఊరు చేతులు అడ్డుపెట్టిందన్నమాట.

పతనం

ఇంత బలం గల పరిశ్రమ ఎందుకు కూలింది? కారణాలు ఒకటి రెండు కావు. 1830లో ఈనియాస్ కాఫీ అనే సుంకాల అధికారి, ఎడతెగకుండా సారా దించే కొత్త యంత్రానికి పేటెంటు పొందాడు. ఆయన ఐర్లండులో పనిచేసినవాడే. కాని డబ్లిన్ బట్టీల యజమానులు ‘అందులో రుచి ఉండదు’ అని దానిని తోసివేశారు. స్కాట్లండువారు అదే యంత్రాన్ని అందిపుచ్చుకొని, చవకగా, తేలికైన విస్కీ తయారుచేసి ప్రపంచమంతా అమ్మారు. ఇంటివాడు కనిపెట్టిన వస్తువుతో పొరుగువాడు బాగుపడ్డాడు.

తరువాత రాజకీయాలు. 1922లో ఐర్లండులో అధికభాగం స్వపరిపాలన సాధించింది. 1932 నుంచి 1938 వరకు ఇంగ్లండుతో సుంకాల పోరు నడిచింది. అటు అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్యనిషేధం. బట్టీలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి.

కిల్‌బెగ్గన్ బట్టీకి చివరి దెబ్బ ఒక కుంభకోణం రూపంలో తగిలింది. లాక్ వంశపు ఆఖరి వారసులైన అక్కచెల్లెళ్లు 1947లో బట్టీని అమ్మదలచారు. కొనడానికి విదేశీయుల ముఠా ఒకటి వచ్చింది. తీరా చూస్తే అందులో ఒకడు మారుపేరుతో తిరుగుతున్నాడు. బయానా సొమ్ము కూడా చేతికి రాలేదు. ఈ వ్యవహారంలో మంత్రులకు చేయి ఉన్నదని శాసనసభలో ఆరోపణలు వచ్చి, విచారణ సంఘం వేశారు. ఆరోపణలు నిరాధారమని తేలినా, ఆ గొడవ దేశమంతా మారుమోగింది. 1950లలో కాగుల కింద మంట ఆరిపోయి, ఆ దశాబ్దం ముగిసేలోగా బట్టీ పూర్తిగా మూతపడింది.

పందుల దొడ్డి

తరువాత జరిగినది మన ఊళ్లలో కూడా జరుగుతున్నదే. 1963లో ఒక జర్మన్ వ్యాపారి బట్టీని పదివేల పౌనులకు కొన్నాడు. లోపల సుమారు లక్ష గాలన్ల విస్కీ నిలవ ఉన్నదట. దానిని అమ్మితేనే పెట్టుబడికి ఎన్నోరెట్లు వచ్చింది. ఆ తరువాత అతడు ఆవరణను పందుల పెంపకానికి ఉపయోగించాడు. నేల చదును చేసి కాంక్రీటు పోయడానికి, వేలకొలది పాత మట్టిజాడీలను పగులగొట్టి అడుగున పరచాడు. లాక్ పేరు ముద్రించిన ఆ జాడీలు ఇవాళ దొరికితే అపురూప వస్తువులు సేకరించేవారు ఎగబడి కొంటారు. 1969లో బట్టీ మరొకరి చేతికి పోయింది. 1970ల మొదట్లో రాగి కాగులను, చుట్టగొట్టాలను పాత లోహం కింద తూకానికి అమ్మివేశారు.

కంచు దీపపు సెమ్మెలను, ఇత్తడి గుండిగలను పాత సామాను వర్తకునికి వేసి, ప్లాస్టిక్ బక్కెట్లు తెచ్చుకొన్న ఇండ్లు మనలోనూ లేకపోలేదు. కనుక ఆ జర్మన్ వ్యాపారిని మనం నిందించడానికి ముందు కొంచెం ఆలోచించవలె.

ఒక్క విషయం మాత్రం చెప్పుకోవలె. అన్నేళ్లూ బట్టీ లైసెన్సు రుసుము ఏటా తప్పకుండా చెల్లింపబడుతూనే వచ్చిందని అక్కడివారు గర్వంగా చెప్పుకొంటారు. కాచేది లేదు, అమ్మేది లేదు. ఎప్పటికైనా మళ్లీ పొగ లేస్తుందన్న ఆశ తప్ప మరేమీ లేదు.

మళ్లీ తెరచిన తలుపులు

1982లో ఊరివారు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఊరిలోనే చందాలు పోగుచేసి బట్టీని బాగుచేయడం మొదలుపెట్టారు. దానిని ప్రదర్శనశాలగా తీర్చి ప్రజలకు తెరచారు. ప్రభుత్వం వచ్చి చేస్తుందని, ఏ ధనవంతుడో కొని ఉద్ధరిస్తాడని వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1866లో బాయిలరు కొన్నవారి మునిమనుమలు కదా!

చూడవచ్చినవారికి అక్కడ కనబడేవి అద్దాల బీరువాలలోని వస్తువులు కావు. నీటి చక్రం బ్రోస్నా నీటితో తిరుగుతుంటే, దాని కదలిక పళ్లచక్రాల ద్వారా లోపలి తిరగళ్లకు ఎట్లా అందేదో కళ్లారా చూడవచ్చు. ఏటిలో నీరు తగ్గినప్పుడు ఆదుకొనడానికి 19వ శతాబ్దం చివరలో పెట్టిన ఆవిరి యంత్రం ఉన్నది. ధాన్యం కలిపే పెద్ద తొట్లు, పులియబెట్టే కొయ్య పీపాలు, పీపాలు చేసే వడ్రంగి పనిముట్లు ఉన్నవి. పనివారు ఎక్కిన మెట్లు అరిగి ఉన్నచోటనే ఉన్నవి.

ప్రదర్శనశాల నడుస్తుండగానే మరొక మలుపు వచ్చింది. 1966లో డబ్లిన్, కార్క్ బట్టీల కంపెనీలు మూడు కలిసి ఐరిష్ డిస్టిల్లర్స్ అనే ఒకే సంస్థ అయ్యాయి. 1972లో బుష్‌మిల్స్ కూడా అందులో చేరింది. దానితో దేశమంతటి విస్కీ ఒకే చేతి కిందికి వచ్చింది. 1987లో జాన్ టీలింగ్ అనే వ్యాపారి, బంగాళాదుంపల నుంచి సారా తీసే ప్రభుత్వ కర్మాగారం ఒకటి కొని, కూలీ అనే కొత్త కంపెనీ పెట్టి ఆ ఏకచ్ఛత్రాధిపత్యాన్ని సవాలు చేశాడు. కిల్‌బెగ్గన్, లాక్ అనే పాత పేర్లను కూడా ఆయన కంపెనీయే తీసుకొని, ఆ పాత గిడ్డంగులలో మళ్లీ పీపాలు పెట్టింది.

2007లో, స్థాపించిన 250 ఏళ్లకు, కిల్‌బెగ్గన్‌లో మళ్లీ కాగు కింద వేడి పుట్టింది. పూర్వం బట్టీ నడిపిన కుటుంబాల వారసులు ఆ ఉత్సవానికి వచ్చారు. సొంత కాగులు తూకానికి పోయినవి కనుక, పొరుగున టల్లమోర్ ఊరి పాత బట్టీలోని 19వ శతాబ్దపు చిన్న కాగును తెచ్చి పెట్టారు. 2010 నాటికి ధాన్యం కలపడం మొదలు అన్ని పనులూ అక్కడే జరిగే ఏర్పాటు పూర్తయింది. ఆ తరువాత కంపెనీ మాత్రం ఊరిది కాదు, దేశానిది కూడా కాకుండా పోయింది. 2012లో అమెరికా వారి బీమ్ కంపెనీకి, 2014లో జపాను వారి సంతోరీకి చేరింది. యజమానులు మారినా చూడవచ్చేవారికి చెప్పే కథలో మొదటి పేరు ఊరిదే.

ఐర్లండులో ఈ దారి పట్టిన బట్టీలు ఇంకా ఉన్నవి. కార్క్ జిల్లా మిడిల్టన్‌లో మర్ఫీ సోదరులు 1825లో పెట్టిన బట్టీని, 1975లో పక్కనే కొత్తది కట్టిన తరువాత మూసి, 1992లో సందర్శకులకు తెరచారు. ముప్పయి వేల గాలన్లకు పైగా పట్టే అక్కడి రాగి కాగు లోకంలోకెల్లా పెద్దదని పేరు. డబ్లిన్ నగరంలో 1971లో ఆగిపోయిన జేమ్‌సన్ బట్టీని 1997లో ప్రదర్శనశాలగా చేశారు. అయితే ఆ రెండింటినీ నిలిపినది పెద్ద కంపెనీ డబ్బు. కిల్‌బెగ్గన్‌ను మొదట నిలిపినది ఊరి చందా. మనకు ఆదర్శం కావలసినది ఇదే.

చెప్పవలసిన రెండవ వైపు

బట్టీని నిలుపుకోవడం వేరు, తాగుడును నిలుపుకోవడం వేరు. ఈ తేడా ఐర్లండువారికి తెలియనిది కాదు. కార్క్ నగరంలో థియోబాల్డ్ మాథ్యూ అనే సన్యాసి 1838లో మద్యపాన విసర్జన ఉద్యమం ప్రారంభిస్తే, కొద్ది ఏళ్లలో లక్షలాది మంది తాగమని ప్రమాణం చేశారు. జాన్ లాక్ కిల్‌బెగ్గన్ బట్టీని తీసుకొన్నది సరిగ్గా ఆ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులలోనే.

మన తెలుగుదేశంలో అటువంటి ఉద్యమానికి నాయకులు స్త్రీలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న ఆడవారు 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో సడలింది. కాని ఆ ఆడవారి పోరాటం చెరగలేదు.

కాబట్టి మన ప్రాంతంలో ఎప్పుడైనా ఇటువంటి ప్రదర్శనశాల వెలిస్తే, అందులో రాగి కాగు ఒక గదిలో ఉంటే, పక్క గదిలో కాగు వల్ల చెడిన కాపురాల కథ కూడా ఉండవలె. కొండవారి ఇప్పసారాను నేరం చేసిన ఆబ్కారీ చట్టం ఉండవలె. చెరకు నరికిన కూలీల మాట ఉండవలె. అన్ని వైపులా చూపినప్పుడే దానిని చరిత్ర అనవచ్చును. ఒక్క వైపే చూపితే అది ప్రకటన అవుతుంది.

మనం చేయదగినది

గంజాం జిల్లాలో చూపదగినవి లేకపోలేదు. ఋషికుల్య నీటితో పెరిగిన ఆస్కా చెరకు కథ ఉన్నది. బర్మాకు మనవారు ఓడలెక్కిన గోపాలపురం రేవు ఉన్నది. హుమ్మా ఉప్పుమడులు ఉన్నవి. బరంపురం పట్టుమగ్గాలు ఉన్నవి. వీటి వెనుక తెలుగువారు, ఒడియావారు కలిసి పనిచేసిన తరాలున్నవి. ఇందులో ఏ ఒక్కటి గురించి రాయదలచినా ఇవాళ మనకు దొరికేవి దొరలు రాసిన గ్రంథాలే. పనిచేసినవారి మాట ఎక్కడా లేదు.

ప్రదర్శనశాల కట్టడం పెద్ద పని. ఊరివారు ఒక్కటై ఏళ్లు శ్రమించవలె. కాని దానికి ముందుమెట్టు చిన్నది. ప్రతి ఇంటిలోను ఫ్యాక్టరీలో, రేవులో, మగ్గం మీద పనిచేసిన తాతగారో, అమ్మమ్మగారో ఉంటే, వారి మాటలు రాసుకోవలె. జీతం చీటీ, పాత ఫోటో, పనిముట్టు, కొలతపాత్ర వంటివి అటక మీద ఉంటే దించి తుడిచి, దేనికి వాడేవారో చీటీ రాసి కట్టవలె. యంత్రం తాలూకు తెలుగు మాటలు, ఒడియా మాటలు పెద్దవారి నోట ఉండగానే పట్టుకోవలె. ఇందుకు చందా అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల తీరిక చాలు.

కిల్‌బెగ్గన్‌లో పగిలిన జాడీలు కాంక్రీటు కింద ఉన్నవి. వాటిని ఇక ఎవరూ తీయలేరు. మిగిలిన గోడలను మాత్రం ఊరు నిలబెట్టుకొన్నది. మన వద్ద ఇంకా పగలని జాడీలు ఎన్ని ఉన్నవో ముందుగా లెక్కపెట్టుకొందాము.